డాబాగార్డెన్స్‌లో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాను: నా అనుభవం

బడ్జెట్ 25,000 రూపాయలు. కావలసింది డిగ్రీ చదువుతున్న మేనకోడలికి. ఆన్‌లైన్ క్లాసులు, వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్‌లో ఎప్పుడూ పదిహేనో ఇరవయ్యో ట్యాబులు, కొంచెం పైథాన్. గేములు లేవు, వీడియో ఎడిటింగ్ లేదు. ఈ డబ్బుకి కొత్త లాప్‌టాప్ చూస్తే సెలెరాన్ తరగతి (ఇంటెల్‌లో అడుగు మెట్టు) ప్రాసెసర్, మార్చడానికి వీల్లేని ర్యామ్, పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోయే తెర కనిపించాయి. అందుకే మొదటి నుంచీ ఆఫీసుల నుంచి వచ్చే బిజినెస్ మోడళ్ల మీదే దృష్టి పెట్టాను: లెనోవో థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి లాట్లుగా, అంటే గుత్తగా ఒకేసారి, వదిలించుకుంటాయి. వీటి బాడీ గట్టిది, విడిభాగాలు దొరుకుతాయి, నాలుగైదు స్క్రూలు విప్పితే లోపల అన్నీ చేతికి అందుతాయి.

విశాఖలో ద్వారకానగర్, డాబాగార్డెన్స్ రెండూ తిరిగాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగితే రెండూ నడిచే దూరమే. సాయంత్రం రద్దీలో కాకుండా ఉదయం షాపు తెరిచిన గంటకి వెళ్లడం మంచిది. కౌంటర్ మీద కనీసం గంటన్నర కూర్చోనివ్వాలి కదా. సంచిలో పెట్టుకున్నవి: ఉబుంటు లైవ్ (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి, విండోస్ 11 సెటప్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి, 65 వాట్ల టైప్ సీ ఛార్జర్, ఇయర్‌ఫోన్, చిన్న టార్చి, స్టార్ స్క్రూడ్రైవర్.

మొదట చేతికి వచ్చింది డెల్ లాటిట్యూడ్ 7480. ఐ7, 16 జీబీ ర్యామ్, 19,000 చెప్పారు. మూత మీద ఐ7 స్టిక్కర్ తళతళలాడుతోంది. సిస్టమ్ వివరాల్లో ఐ7-7600యూ అని ఉంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. గీత తర్వాత మొదట వచ్చే ఒకటి రెండు అంకెలు తరాన్ని చెబుతాయి: 7600 అంటే ఏడో తరం, 8250 అంటే ఎనిమిదో తరం, 10210 అంటే పదో తరం, 1135 అంటే పదకొండు. ఏడో తరం వరకూ యూ రకం (తక్కువ కరెంటు వాడే) ప్రాసెసర్లలో ఐ7 అయినా రెండే కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). ఎనిమిదో తరంలో ఐ5కే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు వచ్చాయి. అంటే ఎనిమిదో తరం ఐ5 ముందు ఏడో తరం ఐ7 నిలబడదు. రెండో కారణం ఇంకా పెద్దది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ యంత్రాలు, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. పాతవాటిలో కూడా అడ్డదారిలో ఎక్కించి ఇస్తారు. కానీ అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. నాలుగేళ్లు చదువుకునే పిల్ల చేతిలో అలాంటిది పెట్టకూడదు.

రెండోది హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5. ఎనిమిదో తరం ఐ5, ర్యామ్‌కి రెండు స్లాట్లు, అంతా బాగానే ఉంది, తెర మాత్రం ఎందుకో మసకగా, పాలు కలిపినట్టుగా కనిపించింది. ఎఫ్2 మీట మీద చిన్న తెర బొమ్మ ఉంది. నొక్కితే పక్కనుంచి చూసేవాళ్లకి ఏమీ కనపడకుండా తెర నల్లబడిపోయింది. ఇది ష్యూర్ వ్యూ తెర. బ్యాంకుల్లో, ఆడిట్ ఆఫీసుల్లో పక్కవాడు చూడకుండా వేసుకునేది. ఆపినా మామూలు తెరంత స్పష్టంగా ఉండదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నోట్స్ చూసుకునే పిల్లలకి ఇది పనికిరాదు. షాపు వాళ్లు దీన్ని లోపంగా లెక్కించరు, ధరా తగ్గించరు.

మూడోది, నాలుగోది రెండూ థింక్‌ప్యాడ్ టీ480లే. ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్పాలి.

మూడోది పైకి కొత్తదానిలా మెరుస్తోంది. తిరగేసి అడుగున టార్చి వేశాను. స్క్రూల గుంటల్లో ఎర్రటి తుప్పు. పక్కన యూఎస్‌బీ పోర్టులోకి వెలుతురు వేస్తే లోపలి రేకు అంచు మీద గోధుమరంగు మచ్చలు, లాన్ పోర్టు పిన్నుల మీద తెల్లటి పొర. అడిగితే లాట్‌లో వచ్చింది కాదు, ఊళ్లోనే ఎవరో ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చారని చెప్పాడు షాపు అబ్బాయి. పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు సముద్రానికి ఎదురుగా కిటికీ తీసి పెట్టుకునే ఇళ్లలో ఇనుప గ్రిల్ ఎలా తుప్పు పడుతుందో లాప్‌టాప్ కూడా అలాగే పడుతుంది. గాలిలోని ఉప్పు సన్నటి పొరలా పేరుకుని తేమను పట్టుకుంటుంది. ఆ తడిపొరే లోహాన్ని తినేస్తుంది. ముందు స్క్రూలు, పోర్టుల రేకులు, తర్వాత ర్యామ్ స్లాట్ పిన్నులు, బోర్డు మీది సోల్డర్. ఇలాంటిది నెలకొకసారి ఆన్ అవ్వదు. ర్యామ్ తీసి తుడిచి పెడితే మళ్లీ ఆన్ అవుతుంది. ఏ మెకానిక్కూ దానికి పూర్తి వైద్యం చెయ్యలేడు. హైదరాబాద్, బెంగళూరు లాట్లలో వచ్చే వాటిలో పొడి దుమ్ము ఉంటుంది, అది ఊదితే పోతుంది. విశాఖలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మోడల్ కంటే ముందు అడుగున టార్చి వేసి చూడాలనేది నా గట్టి అభిప్రాయం.

తుప్పు ఒక్కటే అయితే బేరం ఆడేవాణ్ణేమో. టైప్ సీ పోర్టులో నా ఛార్జర్ పెడితే పిన్ను ఆడింది. కొంచెం ఎడమకి నొక్కితే ఛార్జింగ్, వదిలితే లేదు. టీ480కి గుండ్రటి పిన్ను ఛార్జర్ లేదు, ఛార్జింగ్ అంతా టైప్ సీ మీదే. ఆ పోర్టులు నేరుగా మదర్‌బోర్డుకి సోల్డర్ చేసి ఉంటాయి. వదులైతే బోర్డు పని. రెండు టైప్ సీ పోర్టులుంటాయి. రెండింటిలోనూ విడివిడిగా ఛార్జర్ పెట్టి, తీగను నెమ్మదిగా అటూ ఇటూ కదిపి చూడాలి. ఇంకో సంగతి: 2017 నుంచి 2019 మధ్య వచ్చిన థింక్‌ప్యాడ్లలో థండర్‌బోల్ట్ (టైప్ సీ ఆకారంలోనే ఉండే వేగమైన పోర్టు) ఫర్మ్‌వేర్‌కి, అంటే ఆ పోర్టును నడిపే లోపలి ప్రోగ్రామ్‌కి, ఒక లోపం ఉండేది. కొంతకాలానికి ఆ పోర్టు మొరాయించేది. లెనోవో దానికి అప్‌డేట్ ఇచ్చింది. పోర్టు పనిచేస్తుండగానే అది ఎక్కించాలి. పూర్తిగా పోయాక మామూలు అప్‌డేట్‌తో తిరిగి రావడం కష్టం.

నాలుగో టీ480 అదే షాపులో, లోపలి గదిలో లాట్‌లో ఉంది. ఐ5-8350యూ, 8 జీబీ ర్యామ్ ముక్కలు రెండు, 256 ఎస్‌ఎస్‌డీ. 20,500 చెప్పారు. మూత మీద రెండు గీతలు, అరచేయి ఆనే చోట అరుగుదల, కొన్ని మీటలు నున్నగా మెరుస్తున్నాయి. ఇవేవీ నాకు పట్టవు. ఏ గ్రేడ్, బీ గ్రేడ్ అని షాపుల్లో చెప్పేది పై అందం గురించే. నిజానికి రంగు స్టిక్కర్ చుట్టిన పీసుల్నే ఎక్కువ అనుమానించాలి, కింద ఏ సొట్ట ఉందో తెలీదు.

ముందు బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర. ఆన్ చేయగానే ఎంటర్, తర్వాత ఎఫ్1. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగితే అక్కడితో ఆగిపోవాలి. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ ఉంటే లోపలి చిన్న బ్యాటరీ పీకినా పోదు. ఈ పీసు అడగలేదు. మొదటి పేజీలోని సీరియల్ నంబర్, అడుగున స్టిక్కర్ మీది నంబర్ ఒకటేనా చూశాను. తేడా ఉంటే బోర్డో అడుగు మూతో ఇంకోదానిదని అర్థం. అదే నంబర్ లెనోవో వారంటీ పేజీలో కొడితే ఏ మోడల్, వారంటీ ఎప్పుడు మొదలైంది తెలిసిపోతుంది. సెక్యూరిటీ విభాగంలో కంప్యూట్రేస్ అనే వరుస ఉంటుంది. అది యాక్టివేట్ అయి ఉంటే పాత కంపెనీ దూరం నుంచే యంత్రాన్ని తాళం వేయగలదు. ఇందులో ఆపేసి ఉంది. తర్వాత ఎఫ్12 నొక్కి ఉబుంటు పెన్‌డ్రైవ్ నుంచి ఆన్ చేశాను. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, కెమెరా, బ్లూటూత్ అన్నీ అందులోనే ఐదు నిమిషాల్లో తేలిపోతాయి.

విండోస్‌లోకి వచ్చాక బ్యాటరీ. దీనికి షాపు వాళ్ల మాట ఎప్పుడూ 'మూడు గంటలు వస్తుంది సార్' అనే. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాస్తే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టేది), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) పక్కపక్కనే ఉంటాయి. టీ480లో రెండు బ్యాటరీలు: లోపల 24 వాట్ అవర్లది ఒకటి, వెనక ఊడదీసేది ఒకటి. ఈ పీసులో లోపలిది 24,000 మిల్లీవాట్ అవర్లకి దాదాపు 17,300 మిగిలింది, అంటే 72 శాతం. వెనకది అదే సైజు, 10,200 మాత్రమే, అంటే 42. నా లెక్కలో 70 పైన ఉంటే వాడుకోవచ్చు, 60 లోపు ఉంటే కొత్త బ్యాటరీ ఖరీదు బేరంలో తీసెయ్యాలి.

అంకెల్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. చవకరకం కొత్త బ్యాటరీ వేసిన పీసుల్లో ఛార్జింగ్ సైకిళ్లు సున్నా, డిజైన్, ఫుల్ ఛార్జ్ రెండూ చివరి అంకె దాకా ఒకటే ఉంటాయి. అది బ్యాటరీలోని చిప్ చెప్పే మాటే, సెల్‌లో ఉన్న సత్తా కాదు. అందుకని ఛార్జర్ తీసేసి, తెర వెలుతురు పూర్తిగా పెంచి, ఒక వీడియో నడుపుతూ 20 నిమిషాలు వదిలేశాను. 100 నుంచి 89కి వచ్చింది. ఆ లెక్కన మూడు గంటలు. షాపు అబ్బాయి చెప్పింది ఈసారి నిజమే. సమానంగా దిగడం ముఖ్యం. 40 దగ్గర ఉన్నట్టుండి 8కి పడిపోతే లోపల ఒక సెల్ చచ్చిందని అర్థం. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, అద్దపు కౌంటర్ మీద పెడితే లాప్‌టాప్ ఊగినా బ్యాటరీ పొంగినట్టే. దాన్ని ఎంత తక్కువకి ఇచ్చినా అలాగే వాడకూడదు, అది నిప్పుతో చెలగాటం.

బ్యాటరీ ఖాళీ అవుతుండగానే తెర చూసుకున్నాను. టీ480లో ఎక్కువగా కనిపించే తెరలు రెండు రకాలు: 1366×768ది ఒకటి, 1920×1080 ఐపీఎస్‌ది (పక్కనుంచి చూసినా రంగులు మారనిది) ఒకటి. మొదటిదాన్ని మూత వెనక్కి వంచుతూ చూస్తే రంగులు తిరగబడతాయి. రోజంతా చదువుకునేవాళ్లకి అది తీసుకోవద్దు. తెల్లటి పేజీ నిండా తెరిచి చూస్తే నొక్కుడు మచ్చలు బయటపడతాయి, నల్లటిది తెరిస్తే అంచుల్లోంచి కారే వెలుతురు తెలుస్తుంది. మూతను ఒక మూల పట్టుకుని తెరిచి మూస్తే హింజ్ (మూత తిరిగే కీలు) సంగతి తెలుస్తుంది. మీటలన్నీ నోట్‌ప్యాడ్‌లో ఒక్కొక్కటే నొక్కాను, స్పేస్ బార్ రెండు చివరలూ విడిగా.

ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో, డ్రైవ్ ఆరోగ్యం చూపించే ప్రోగ్రామ్. ఆఫీసులు తమ డేటా పోకుండా డ్రైవులు పీకేసి అమ్ముతాయి కాబట్టి షాపు వాళ్లు ఏదో పేరులేని కొత్త డ్రైవ్ వేసిస్తారు. 'కొత్త ఎస్‌ఎస్‌డీ సార్' అంటే సంతోషించే ముందు ఒక 10 జీబీ ఫైలు కాపీ పెట్టి చూడాలి. నాసిరకం డ్రైవ్ మొదట వేగంగా పోయి, సగంలో పాత హార్డ్‌డిస్క్ కంటే నెమ్మదిస్తుంది. దీనిలో పేరున్న డ్రైవే ఉంది, ఆరోగ్యం 91 శాతం.

వేడి పరీక్షకి, ఫైళ్లను కుదించే సెవెన్‌జిప్ ప్రోగ్రామ్‌లోనే ఉండే బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) చాలు. పది నిమిషాలు నడుపుతూ టాస్క్ మేనేజర్‌లో స్పీడు చూడాలి. ఐ5-8350యూ మూలవేగం 1.7 గిగాహెర్ట్జ్. మొదట మూడు దాటి, తర్వాత రెండున్నర దగ్గర నిలబడితే బాగున్నట్టు. మూలవేగం కంటే కిందికి జారితే ప్రాసెసర్ వేడిని లాగే పేస్ట్ ఎండిపోయిందో ఫ్యాన్ మూసుకుపోయిందో. ఒకటి కూడా దాటకుండా అతుక్కుపోతే ముందు ఛార్జర్‌ని అనుమానించాలి. డెల్ యంత్రాలకి ఇది మరీ ఎక్కువ. అడాప్టర్‌ని గుర్తుపట్టకపోతే బ్యాటరీ ఛార్జ్ చెయ్యవు, ప్రాసెసర్‌ని కూడా నత్తనడక నడిపిస్తాయి. డూప్లికేట్ ఛార్జర్ ఇచ్చి 'లాప్‌టాప్ స్లో' అని అమ్మేసినవి కూడా ఉంటాయి.

ఇక అడుగు మూత తీయించడం. ఇక్కడే షాపులో కొంచెం బిగుసుకున్నారు.

"మూత తీస్తే మా గ్యారంటీ పోద్ది సార్."

"తీసేది నువ్వే బాబూ. నేను లైటు పట్టుకుంటాను, అంతే."

టీ480లో ముందు బయోస్‌లోని పవర్ విభాగంలో లోపలి బ్యాటరీని డిజేబుల్ చెయ్యాలి, తర్వాత వెనక బ్యాటరీ ఊడదీయాలి. అడుగున ఆరు స్క్రూలు. అవి పూర్తిగా ఊడి రావు, మూతకే అంటిపెట్టుకుని ఉంటాయి. ప్లాస్టిక్ కార్డు దూర్చి చుట్టూ క్లిప్పులు వదిలిస్తే మూత లేస్తుంది. లోపల ఫ్యాన్ దగ్గర పొడి బూడిదలాంటి దుమ్ము. రాగి పైపు మీద పచ్చటి చిలుము లేదు. థింక్‌ప్యాడ్ కీబోర్డు కింద నీళ్లు జారిపోవడానికి కాలువల్లాంటి రంధ్రాలుంటాయి. వాటి చుట్టూ గోధుమరంగు మరక ఉంటే ఎప్పుడో టీయో కాఫీయో ఒలికినట్టే. ఇక్కడ శుభ్రంగా ఉంది. ర్యామ్ రెండు స్లాట్లలోనూ ఉంది. ఇది గమనించాలి, ఎందుకంటే ఒక్క 16 ముక్క కంటే 8, 8 జంటగా ఉంటే మెమరీ రెండు దారుల్లో నడుస్తుంది, బోర్డు మీది గ్రాఫిక్స్‌కి ఆ తేడా బాగా తెలుస్తుంది. టీ480ఎస్ అని ఇంకోటి ఉంది, పేరులో ఒక్క అక్షరమే తేడా. అందులో ర్యామ్‌లో కొంత బోర్డుకే అతికి ఉంటుంది, ఊడదీసే బ్యాటరీ ఉండదు.

చివరి పరీక్షకి ఓపిక కావాలి. కంపెనీ లాప్‌టాప్‌లు కొన్ని మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్‌లో (కంపెనీలు తమ యంత్రాల సెటప్‌ని ఆన్‌లైన్‌లో అదుపు చేసే సేవ) నమోదై ఉంటాయి. ఆ నమోదు డ్రైవ్‌లో ఉండదు, యంత్రం గుర్తింపు మీద ఉంటుంది. అందుకే షాపులో ఇంటర్నెట్ లేకుండా విండోస్ వేసి చూపిస్తే ఏమీ తెలీదు. ఇంటికొచ్చి ఎప్పుడో రీసెట్ చేసి వైఫై కలిపితే ఏదో కంపెనీ పేరు తెర మీదకి వచ్చి, ఆ కంపెనీ మెయిల్ అడుగుతుంది. అందుకని నా పెన్‌డ్రైవ్‌తో వాళ్ల ముందే విండోస్ 11 ప్రో కొత్తగా ఎక్కించి, మొదటి సెటప్‌లోనే నా ఫోన్ హాట్‌స్పాట్ కలిపాను. అరగంట పట్టింది. కంపెనీ పేరేదీ రాలేదు. విండోస్ డిజిటల్ లైసెన్స్‌తో దానంతట అదే యాక్టివేట్ అయ్యింది. ముందు షాపు వాళ్లు వేసి ఉంచిన విండోస్‌లో గడువు తేదీ కనిపించింది, ఆరు నెలలకోసారి రెన్యూ అయ్యే దొంగ యాక్టివేషన్లలో అలా కనిపిస్తుంది. లోపల అసలు లైసెన్స్ ఉండగా అది ఎందుకు వేస్తారో నాకు అర్థం కాదు.

బేరంలో నా చేతిలో ఉన్న ఆయుధం బ్యాటరీ రిపోర్టే. వెనక బ్యాటరీ 42 శాతం అని తెర మీద చూపించి, దాని ఖరీదు తీసెయ్యమన్నాను. 18,500కి కుదిరింది. ఛార్జర్ లెనోవో ఒరిజినల్ 65 వాట్లది అడిగి తీసుకున్నాను. బిల్లు మీద మోడల్‌తో పాటు సీరియల్ నంబర్ రాయించాలి, నెల రోజుల షాపు గ్యారంటీ అన్న మాట కూడా అక్కడే రాయించాలి. ఆన్‌లైన్ ప్రకటన చూసి విడి మనిషి దగ్గర కొంటే అసలు కొన్న బిల్లు లేకుండా తీసుకోవద్దు, దొంగసొత్తు మన చేతిలో పడుతుంది.

ఇంటికి వచ్చాక చేసినవి తక్కువే. మొదటి రోజే లెనోవో వాంటేజ్ (లెనోవో సొంత ప్రోగ్రామ్)తో బయోస్, థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు. మధ్యలో కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జర్ తగిలించి ఎక్కించాను. అందులోనే ఛార్జింగ్ పరిమితి పెట్టుకోవచ్చు: 75 కిందికి వస్తే మొదలుపెట్టి, 80 దగ్గర ఆపేలా. బల్ల మీద ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే లాప్‌టాప్‌కి బ్యాటరీ ఆయుష్షు దీనితోనే పెరుగుతుంది. పాత పేస్ట్ స్పిరిట్‌తో తుడిచి బియ్యపు గింజంత కొత్తది వేశాక పూర్తి లోడ్‌లో ఫ్యాన్ మోత స్పష్టంగా తగ్గింది. వెనక బ్యాటరీ కొత్తది 2,800 పడింది. పెద్ద సైజువి కూడా దొరుకుతాయి, అవి కిందికి ఉబ్బెత్తుగా వచ్చి లాప్‌టాప్ వెనక భాగాన్ని ఎత్తుతాయి. పిల్ల బ్యాగులో సర్దుకోవాలని చదునుదే వేశాను. మొత్తం 21,300.

ఉప్పుగాలి సంగతి మేనకోడలికి గట్టిగా చెప్పాను. వాళ్లిల్లు లాసన్స్ బేలోనే. సముద్రం వైపు కిటికీ పక్కన బల్ల వద్దు. రాత్రి మూసి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసిన సంచిలో పెట్టాలి. సెలవుల్లో కూడా వారానికి రెండుసార్లు గంటసేపు ఆన్ చెయ్యాలి, ఆ వేడికే లోపలి తేమ ఆరిపోతుంది. నెలల తరబడి బీరువాలో మూసిపెట్టిన లాప్‌టాపే ముందు పోతుంది. కొత్త బ్యాటరీ వేసిన రోజు రిపోర్టు తీసి తేదీతో దాచాను. ఆరు నెలల తర్వాత మళ్లీ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ బ్యాటరీ ఎంత అరిగిందో తెలుస్తుంది.